చిన్న పిడి ఉలి

జమ్మలమడుగు చేతిపనుల ప్రదర్శన పందిట్లో బల్ల మీద టేకు పలక పెట్టారు. పక్కన ఎర్రగుడ్డ పరిచి జపాను రంపం, ఇంగ్లండు చిత్రిక, జర్మనీ ఉలి సర్దారు. బల్ల వెనక పార్థసారథి నిలబడ్డాడు. ఎదురుగా కుర్చీలో డిప్యూటీ కలెక్టరు కూర్చున్నాడు.

"మొదలుపెట్టవయ్యా" అన్నాడు కలెక్టరు.

పార్థసారథి ప్రొద్దుటూరు తాలూకా ఆఫీసులో గుమాస్తా. పై అధికారి చెయ్యమంటే కాదనే నోరు గుమాస్తాలకు దేవుడు పెట్టలేదు.

ఇదంతా ఒక వ్యాసపీఠం తెచ్చిన తంటా. అతుకు లేదు, మేకు లేదు. ఒకే పలకను కోస్తే రెండు రెక్కలుగా విచ్చుకుని పుస్తకాన్ని మోస్తుంది. పార్థసారథి దాన్ని తాసీల్దారు ఇంటికి కానుకగా ఇచ్చాడు. అక్కడ కలెక్టరు కంటబడింది. మా గుమాస్తా ఇంట్లో తయారైందని తాసీల్దారు గొప్పగా చెప్పాడు. పార్థసారథి తల వంచుకున్నాడు. అది వినయమనుకున్నారు.

పంతుళ్ల ఇంట పుట్టిన గుమాస్తా ఉలి పట్టడం కొత్త రాష్ట్రానికే ఆదర్శమని కలెక్టరు తేల్చేశాడు. ప్రదర్శనలో పదిమంది ముందు పని చేసి చూపాలని ఉత్తరువు కూడా వేశాడు. ఆ రోజు నుంచి పార్థసారథికి ముద్ద దిగలేదు.

ఎందుకో ఊరందరికీ తెలుసు. తండ్రి వేదవ్యాస. ఊళ్లో పేరున్న పురోహితుడు, మహా పట్టుదల మనిషి. ఇంట్లో ఉలి చప్పుడు మొదటిసారి విన్నప్పుడు ఆయన ఒకే మాట అన్నాడట. నాలుగు గోడల మధ్య ఏమైనా ఏడవండి, ఇది బజారున పడిందా, నేను బావిలో పడతానని.

అందుకే వెనక గదిలోకి పార్థసారథి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. అతనికి పెళ్లి కాలేదు. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు గనక! తండ్రి, పదమూడో ఏట విధవగా తిరిగొచ్చి మళ్లీ వాకిలి దాటని అక్క. వచ్చేపోయే చుట్టాలు కూడా తక్కువే.

పనిముట్ల బేరంలో మాత్రం అతనంత చాదస్తుడు లేడు. ప్రొద్దుటూరులో వలీ బాషాకు పాత సామాన్ల అంగడి ఉంది. తెల్లదొరలు పోతూ పోతూ అమ్ముకున్నవి, ఓడలో నాని తుప్పుపట్టినవి మద్రాసు నుంచి తెచ్చి చవగ్గా అమ్మేవాడు. సీమ సరుకు ఇంగ రాదు, సర్కారోళ్లు ఆపేస్తాండారు అని తొందరపెట్టేవాడు కూడా.

పార్థసారథి దేనికీ తొందరపడడు. ఏ పనిముట్టునూ అంగట్లో తేల్చడు. గుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకుపోతాడు. మర్నాడు తెచ్చి వంకలు చెబుతాడు. ఈ చిత్రిక చప్పుడు ఎక్కువ. ఈ రంపంతో పీట మీద కూర్చుని కొయ్యలేం. జపాను రంపం ఒక్కటే ఒక్కసారికి నెగ్గింది. జర్మనీ ఉలికైతే మూడుసార్లు పిడి మార్పించాడు.

"నీ చెయ్యి చూస్తే చాటంత ఉండాది. పిడేమో ఇంగా చిన్నది కావాలంటావు. ఏంది సామీ నీ కత?" అని నవ్వాడు వలీ బాషా.

"పట్టుకునే చేతికి తెలుస్తాది లేప్పా" అన్నాడు పార్థసారథి.

ఇప్పుడు అదే ఉలి అతని చేతిలో ఉంది. పిడి గుప్పిట్లో కనబడకుండా పోయింది. అయ్యవారి పనితనం చూద్దామని నలుగురు వడ్రంగులు జనాన్ని తోసుకుని ముందుకొచ్చారు. పని మొదలుపెడితే ఇల్లు కూలిపోతుంది. పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పార్థసారథికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమయ్యా, ముహూర్తం చూడాల్నా?" అన్నాడు కలెక్టరు. పందిరంతా నవ్వింది.

తోడు వచ్చిన వలీ బాషా చెవి దగ్గర చేరాడు. "బయపడాకు సామీ. అలవాటైన చెయ్యి, దానంతట అదే పోతాది."

పార్థసారథి ఎడమ చెయ్యి పలక మీద ఆనించాడు. కుడిచేత్తో ఉలి ఎత్తాడు. రాసే చెయ్యి ఏదో మరొక్కసారి చూసుకున్నాడు. కళ్లు మూసుకుని, ఎడమ చేతిలోకి ఉలి దింపుకున్నాడు.

జారిందనుకున్నారు జనం. కలెక్టరు తన జీపులోనే ఆస్పత్రికి పంపించాడు. డాక్టరు కుట్లు వేశాడు. మూడు నెలలు ఈ మనిషి పనిముట్టు ముట్టకూడదని అందరి ముందూ చెప్పాడు. అంత పనితనమున్న చెయ్యి ఇలా అయిందే అని కలెక్టరు నిజంగానే బాధపడ్డాడు. మూడు నెలల తర్వాత పులివెందులలో ఇంకో ప్రదర్శన ఉందిలే, దిగులుపడొద్దని ఓదార్చాడు.

తిరుగు బస్సులో వలీ బాషా గుడ్డలో చుట్టిన ఉలిని అతని ఒళ్లో పెట్టాడు.

"మూడు నెల్లు మీ ఎనక గది మూగదైపోతాది సామీ" అన్నాడు. "మీ పక్కింటి యశోదమ్మ తెల్లారితే ఆ సప్పుడికే లేస్తాదంట. నిన్న గూడా మా ఇంట్లో చెప్పింది."

పార్థసారథి ఉలిక్కిపడ్డాడు. ఈ సంగతి అతనికి తట్టనే లేదు.

ఇల్లు చేరేసరికి వెనక నుంచి చిత్రిక చప్పుడు మెల్లగా వినబడుతోంది. అతను చెప్పులు కూడా విడవకుండా నేరుగా వెళ్లి గది తలుపు తోశాడు. చెక్క పొట్టు మధ్య పీట మీద కూర్చుని చిత్రిక పడుతున్న అక్క కాత్యాయని తలెత్తి చూస్తుండగా, ఆమె చేతి కొలతకే మూడుసార్లు పిడి మార్పించిన ఉలిని ఆమెకు అందకుండా అటక మీద పెట్టి, "మూడు నెల్లు నువ్వు పని ముట్టగూడదక్కా" అన్నాడు.