చుక్కలు చూసేవాళ్ళ కోటు

“అది తీసుకోకండమ్మా, చలికి చచ్చిపోతారు.”

నీలం కోటు పట్టుకున్న ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

ఎవరో ముసలాయన. మాసిన చొక్కా, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు.

గల్లాపెట్టె దగ్గరున్న షాపు యజమానికి ఒళ్ళు మండిపోయింది. చేతికొచ్చిన బేరం చెడగొడితే ఎవరికి మాత్రం మండదు?

ఉల్కలు రాలతాయని పేపర్లో పడ్డ దగ్గర్నుంచీ ఊరంతా కొండెక్కి చుక్కలు చూస్తానంటోంది. ఆయన మాత్రం ఊరుకుంటాడా? గోదాంలో మిగిలిపోయిన నీలం కోట్లన్నీ దించి, ‘చుక్కలు చూసేవారికి ప్రత్యేకం’ అని బోర్డు రాయించి మరీ వేలాడదీశాడు.

“ఏమయ్యా, నీకేం పని ఇక్కడ?”

“ఇది పరుగెత్తేవాళ్ళ కోటు బాబూ.” ముసలాయన కోటు తిరగేసి, చంకల్లో వరసగా ఉన్న సన్నటి కంతలు చూపించాడు. “ఇవి చెమట ఆరడానికి. ఒళ్ళు కదులుతున్నంతసేపే వెచ్చగా ఉంటుంది. కొండ మీద గంటల తరబడి కదలకుండా పడుకునేవాళ్ళకి దళసరి ఉన్ని కావాలి. కింద పరుచుకోడానికి దుప్పటి కావాలి.”

ఆవిడ కోటు అక్కడే పెట్టేసి మెల్లగా జారుకుంది.

“ఎదురు షాపువాడు ఎంతిస్తున్నాడు నీకు?”

“ఎవరూ ఏమీ ఇవ్వట్లేదు. ఆ బోర్డొక్కటి తీసెయ్యండి, మీకు దణ్ణం పెడతాను.”

“పెద్దాయనవని ఊరుకుంటున్నా. నడు బయటికి!”

రెక్క పట్టుకుని గుమ్మం దాటించాడు. ముసలాయన తూలి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

కాలేజీ నుంచి వచ్చి అంతా చూస్తున్న కూతురు అంది, “ఆయన చెప్పింది నిజమేమో నాన్నా. రేపు మేమూ వెళ్తున్నాం కదా.”

షాపులో ఉన్నవాళ్ళంతా ఇటే చూస్తున్నారు.

“నీ మొహం! కన్నకూతురికి పనికిరానిది ఊరికి అమ్ముతానా?” అని, వాటిలోంచే ఒకటి తీసి కూతురికి తొడిగి, తనే జిప్పు వేశాడు. “ఇదే వేసుకెళ్ళు తల్లీ.”

ఆ మాటతో మరో నాలుగు కోట్లు అమ్ముడుపోయాయి.

మర్నాడు రాత్రి కొండ మీద ఆ అమ్మాయి వెల్లకిలా పడుకుని రాలే చుక్కలు లెక్కపెట్టింది. మాట ముద్దముద్దగా వస్తుంటే, నిద్రమత్తేమో అనుకున్నారు దళసరి ఉన్ని స్వెట్టర్లలో ఉన్న స్నేహితురాళ్ళు. తెల్లారి లేపితే లేవలేదు.

“చలికి బిగుసుకుపోయిందండీ. ఏం వేసి పంపారు?” అని అడిగాడు డాక్టరు.

తండ్రి వంగి, తను వేసిన జిప్పు తనే తీశాడు.

పది రోజులకి షాపు తెరిచాడు. బోర్డు పీకి ముక్కలు చేశాడు. అప్పటికీ కడుపుమంట చల్లారక, కోట్ల కంపెనీకి ఫోన్ చేశాడు.

“నా పిల్లని పొట్టన పెట్టుకున్నారు కదయ్యా! అది చలికి ఆగదని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

అవతల గుమాస్తా గొంతు తగ్గించాడు.

“చెప్పడానికే ఒక ముసలాయన షాపుషాపుకీ తిరిగాడు సార్. మీ దగ్గరికి రాలేదా?”

“వచ్చాడు. ఎక్కడుంటాడు బాబూ? వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“తెలీదు సార్. సరుకు పరువు తీస్తున్నాడని మావాళ్ళు ఉద్యోగం పీకేశారు. ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడు.”

“ఉద్యోగమా? మీ దగ్గరా?”

“మా కటింగ్ మాస్టరే సార్, ఆ నీలం కోటు గీసింది, కత్తిరించింది, మొదటిది తన చేత్తో కుట్టింది ఆయనే.”