కాలువ నీళ్లు

మేత చల్లబోతున్న చేతిని ఎవరో వెనక నుంచి పట్టుకున్నారు.

కొసరు బాబాయి ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి. ముప్ఫై దాటి ఉంటాయి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

“చల్లకండి బాబాయి,” అన్నాడు.

అప్పుడప్పుడే తెల్లవారుతోంది. చెరువులో రొయ్యలన్నీ పైకి తేలి, గట్టు వెంబడి బారులు తీరాయి. పాపం ఆకలికి పైకొచ్చాయనుకుని బాబాయి మేత బస్తా విప్పాడు.

ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. ఇంటికొచ్చిన వాళ్లకు వద్దంటున్నా వడ్డిస్తాడు. రొయ్యలకూ అంతే. కొలిచి వేసిన మేత మీద ఇంకో దోసెడు కొసరు వేయందే ఆయన చేయి ఊరుకోదు. మేత మిగిలిపోతోందని భార్య ఎన్నిసార్లు చెప్పినా, మిగిలితే రేపు తింటాయిలే అనేవాడు.

“ఆకలి కాదు బాబాయి. వాటికి ఊపిరాడటం లేదు.”

ఆ మనిషి గట్టు దిగి, నీళ్లలో వేలాడుతున్న మేత పళ్లేన్ని తాడు పట్టి పైకి లాగాడు. నిన్నటి మేత ఉబ్బి, జిగురు జిగురుగా పళ్లేనికి అంటుకుని ఉంది. చెరువు అడుగు నుంచి గుప్పెడు బురద తీసి బాబాయి ముక్కు దగ్గర పెట్టాడు. కుళ్లిన గుడ్ల కంపు.

తినగా మిగిలిన మేతంతా అడుగున కుళ్లి, నీళ్లలో ఉన్న కాస్త గాలినీ లాగేస్తోందని విడమరిచి చెప్పాడు. పైగా కొన్నాళ్లుగా వదలని మబ్బు. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నా చాలడం లేదు. ముందు మేత ఆపాలి. కాలువ నుంచి కొత్త నీళ్లు పెట్టాలి.

బాబాయి మేత బస్తా మూతి బిగించాడు. కిందటి పంట వానలకు పోయింది. ఇదీ పోతే చెరువు వదులుకుని ఎవరి దగ్గరో పనికి కుదరాల్సిందే.

“కాలువ నీళ్లా? కాలువ పైన చెరువు వాడొకడున్నాడయ్యా. వాడి మురికంతా అందులోకే వదులుతాడు. ఆ నీళ్లు పెడితే ఉన్నవి కూడా పోతాయి.”

ఆ పైచెరువు ఆసామిని బాబాయి ఏనాడూ చూడలేదు. చూడకుండానే తిట్టేవాడు. నీళ్ల రంగు కాస్త మారితే చాలు, ఆ దరిద్రుడి పనేనని గట్టు మీద నిలబడి శాపనార్థాలు పెట్టేవాడు. ఇప్పుడూ మొదలుపెట్టాడు. వాడు మనిషే కాదన్నాడు. వాడి చెరువులో రొయ్యలూ ఇలాగే తేలాలన్నాడు.

ఆ మనిషి అంతా విన్నాడు. కాలువలోకి దిగి దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూశాడు. ఆ నీళ్లతోనే మొహం కడుక్కున్నాడు.

“ఇవి మంచి నీళ్లే బాబాయి. నా మాట నమ్మి పంపు వేయండి.”

బాబాయి ఎటూ తేల్చుకోలేకపోయాడు. పక్కనే ఉన్న ఆయన భార్య మాత్రం ఎవర్నీ అడగలేదు. వెళ్లి పంపు స్విచ్ వేసేసింది.

ఆ రోజంతా ఆ మనిషి గట్టు వదిలి పోలేదు. ఏరేటర్ రెక్కలకు చుట్టుకున్న నాచు పీకాడు. పంపు గొట్టానికి అడ్డం పడ్డ చెత్త తీశాడు. అలవాటు కొద్దీ బాబాయి మేత బస్తా వైపు నడిస్తే, “ఏమండీ” అని ఒకసారి భార్య, “బాబాయి” అని ఇంకోసారి అతను వెనక్కి పిలిచారు.

మధ్యాహ్నానికి బారులు పలచబడ్డాయి. పొద్దు వాలేసరికి గట్టు అంచున ఒక్క మీసం కూడా కనబడలేదు. చచ్చి తేలినవి ఒక తట్టకు మించి లేవు. మిగతావన్నీ బుద్ధిగా అడుగుకు దిగిపోయాయి.

బాబాయి గట్టు మీద చతికిలబడ్డాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

ఎవరబ్బాయివి నాయనా అంటూ ఆయన భార్య మొదటి టీ గ్లాసు ఆ మనిషికే ఇచ్చింది. ఈ పక్కనేనండీ అని అతను చెయ్యి ఊపాడు. చెరువునే చూస్తూ టీ తాగాడు. బాబాయి కళ్లు తుడుచుకుని తల ఎత్తేసరికి, గ్లాసు గట్టు మీద ఉంది. మనిషి లేడు.

ఆ పంట నిలబడింది. పట్టుబడి రోజున వలలో రొయ్యలు ఎగిరెగిరి పడుతుంటే బాబాయి కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడాయన పళ్లెం లేపి చూడందే గుప్పెడు మేత కూడా వేయడు. కొసరు మనుషుల వరకే.

ఒక్కటే మనసును తొలిచేది. కాలువ నీళ్లు నిజంగానే మంచివి. మరి ఆ పైచెరువు ఆసామి ఏం పాపం చేశాడని అన్నేసి మాటలన్నట్టు? పట్టుబడిలో మంచివి ఏరి బుట్టకెత్తి, భార్యను వెంటబెట్టుకుని అతన్ని చూడ్డానికి బయల్దేరాడు.

పైచెరువు ఇంకిపోయి, అడుగున నల్లమట్టి నెర్రెలిచ్చి ఉంది. కాలువలోకి నీళ్లు వదిలే తూము పలకలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. పాక గుమ్మంలో ఒక పెద్దావిడ కూర్చుని వల మడతపెడుతోంది.

కింది చెరువు వాళ్లమని చెప్పగానే ఆవిడ గబగబా లేచి ఇద్దరికీ పీటలు వేసింది. కొడుకు ఇంట్లో లేడంది. దూరంగా ఎవరి చెరువుల్లోనో పని దొరికి పోయిన వారమే వెళ్లాడట.

ఆ మబ్బుల్లో తమ నీళ్లు వీళ్ల నీళ్లకంటే ముందే చెడిపోయాయంది. చెడ్డ నీళ్లు కాలువలోకి తోసేసి కొత్తవి పెట్టుకుంటే పంట దక్కేదే. కింద ఇంకో చెరువు ఉంది కదా అని కొడుకు తూము తీయనివ్వలేదట. రొయ్యలన్నీ కళ్ల ముందే చచ్చి తేలిపోయాయట.

 బాబాయి భార్య బుట్ట తీసి ఆవిడ చేతికిచ్చింది.

“పంట పోయాక మావాడు సరిగ్గా ముద్ద ముట్టలేదమ్మా,” అంది ఆవిడ. “ఆ రోజంతా మీ గట్టు మీద ఉండి, కిందివి బతికాయమ్మా అంటూ వచ్చాడు చూడు, ఆ పూటే కడుపునిండా తిని హాయిగా పడుకున్నాడు.”