ఊపిరి గీత

“కనెక్ట్ అవలేదక్కా.”

“మళ్ళీ చెయ్.”

“చేశాను. అవే ఎర్ర అక్షరాలు. బోర్డు దొరకలేదంటోంది.”

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను చెవికి ఆనించుకునే పళ్ళు నూరింది. హార్డ్‌వేర్ ఇంజనీరునని ఊరంతా చెప్పుకు తిరిగే తమ్ముడికి ఒక తీగ తగిలించడం చేతకావడం లేదు.

వాళ్ళు పనిచేసే భవనం మధ్యాహ్నం కుప్పకూలింది. భోజనాల వేళ కాబట్టి అందరూ బయటే ఉన్నారు, ఒక్కరు తప్ప. అంతస్తులు ఎటు పడితే అటు జారిపోవడంతో, ఆ ఒక్క ప్రాణం ఇప్పుడు శిథిలాల్లో ఏ మూల ఉందో ఎవరికీ తెలియదు; అది తెలిస్తేగాని క్రేను కదలదు.

కాంక్రీటు అవతల మనిషి ఊపిరి పీలిస్తే, ఛాతీ కదిలే ఆ కాస్త కదలికను కూడా పట్టేసే రాడార్ బోర్డు అక్కాతమ్ముళ్ళ దగ్గర ఉంది. దాన్ని నడిపే కొత్త ప్రోగ్రాం ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంది. అందులోంచి ఇందులోకి ఎక్కించాలంటే మధ్యలో అగ్గిపెట్టెంత డీబగ్గర్ పనిచెయ్యాలి. అదే మొరాయిస్తోంది.

“ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉందా?”

“ఉంది. అదీ, బోర్డూ నీ కారు డిక్కీలోంచే తీశాను.”

“తాళం లేకుండానా?”

“అద్దం పగలగొట్టి...”

“ఒరేయ్! కొని నెల కాలేదురా ఆ కారు!”

“నువ్వుంటే ఇదంతా నిమిషంలో అయిపోయేది,” అన్నాడు ఏడుపు గొంతుతో.

“నేనక్కడుంటే నిన్నెందుకు బతిమాలతాను? ఏడుపాపి కేబుల్ చూడు. ఎర్ర చార ఉన్న అంచు ఎటుంది?”

“బోర్డుకి బయటివైపు.”

“లోపలివైపు ఉండాలి! తిరగేసి పెట్టావు. అమ్మ నీ తలకాయ కూడా అలాగే పెట్టి కన్నట్టుంది.”

పాత కేబుల్ పాడుచేసింది కూడా వీడే. కొత్తది కొనుక్కొచ్చేదాకా మొహం చూపించొద్దని తిట్టి, పొద్దున బజారుకు తరిమింది. తీరా తెచ్చాక ఇదీ వరస.

“తిప్పి పెట్టాను. ఊహూఁ, ఇప్పుడూ అవలేదు.”

అతని వెనకనుంచి రెస్క్యూ ఆఫీసర్ గొంతు ఖంగుమంది. “ఇంకెంతసేపయ్యా? ఎటు కదిపితే అటు పలక జారేలా ఉంది. మనిషి ఎక్కడో తెలియకుండా నేను క్రేను ముట్టను.”

“కాసేపు ఆయన్ని నోరు మూసుకోమను!” అని అరవబోయి ఆమె దగ్గింది. దుమ్ముకు గొంతు పట్టేసింది. ఒకే తీరున ఉండి ఉండి కాలు ఎప్పుడో తిమ్మిరెక్కింది. ఫోనులో బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

“అక్కా, నీకెలా...”

“నా సంగతి వదిలెయ్. బోర్డు మీద పచ్చ లైటు వెలుగుతోందా?”

“వెలిగి, వెంటనే ఆరిపోతోంది.”

ఆమెకు అనుమానం తగిలింది. “ఒరేయ్, పాత ప్రోగ్రాంలో నువ్వేమైనా గెలికావా?”

తమ్ముడు నీళ్ళు నమిలాడు. “బ్యాటరీ ఆదా అవుతుంది కదా అని... ఆన్ కాగానే చిప్ నిద్రపోయేలా ఒక్క లైను రాశాను.”

“ఎవర్నడిగి రాశావ్? నిద్రపోయిన చిప్ తలుపు తీస్తుందా? డీబగ్గర్ ఎంతసేపు తడితే మాత్రం పలుకుతుందా? నా చేతికి దొరుకు, చెంప చెళ్ళుమనిపిస్తాను!”

“తర్వాత కొడుదువుగాని. ఇప్పుడేం చెయ్యాలి?”

“రీసెట్ బటన్ నొక్కి పట్టుకో. అలాగే పట్టుకుని కనెక్ట్ కొట్టు. కొట్టగానే బటన్ వదిలెయ్. అది కళ్ళు మూసేలోపు డీబగ్గర్ దూరిపోవాలి.”

మొదటిసారి ఆలస్యంగా వదిలాడు. ఆమె అతన్నీ, అతనికి పట్టా ఇచ్చిన కాలేజీనీ కలిపి తిట్టింది. రెండోసారి మరీ ముందే వదిలాడు. ఆమె తిట్లు వెతుక్కుంటూ ఉండగానే ఫోనులో కేక వినపడింది.

“అయింది! అక్కా, కనెక్ట్ అయింది!”

“అరవకు. ప్రోగ్రాం ఎక్కించు. ఎక్కించి శిథిలాల మీదికి పో. అడుగడుక్కీ ఆగి తెర చూడు. పరిగెత్తావంటే చంపేస్తాను.”

చాలాసేపు ఫోనులో అతని రొప్పు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత ఉన్నట్టుండి కేకేశాడు.

“మెట్లున్న వైపు... గీత కదులుతోంది. పైకీ కిందికీ. ఊపిరేనక్కా!”

“ఊపిరని నమ్మకమేంటి?” ఆఫీసర్ అడ్డుపడ్డాడు. “మా జనరేటర్ అదురు కావచ్చు. తప్పు చోట క్రేను పెడితే ఆ పలక కూలి మనిషి దక్కదు. ఆ బాధ్యత ఎవరిది?”

“అక్కా, ఈయన నమ్మట్లేదు. ఎలా చెప్పను?”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. “ఆయన్ని కూడా తెర చూడమను. ఇద్దరూ గీత మీంచి కళ్ళు తియ్యొద్దు.”

అని నోరు మూసుకుంది.

“చూస్తున్నామక్కా. కదులుతోంది... కదులుతోంది... అయ్యో! గీత ఆగిపోయింది! అక్కా, అసలు కదలట్లేదు! అక్కా!”

“ఊపిరి బిగబట్టింది నేనేరా మొద్దూ, ఇక తవ్వమను!” అంది ఆమె, తన ఛాతీకి జానెడు పైన ఆగిన కాంక్రీటు పలక కిందనుంచి.