సత్తమ్మ కుక్క

"మందు వద్దు సాబ్. ఏం పెట్టాలె, ఎప్పుడు పెట్టాలె, గది చెప్పు చాలు," అంది సత్తమ్మ.

చేవెళ్ల పశువుల దవాఖానలో కంపౌండరు స్వామిదాసు చేతిలోని సీసా కింద పెట్టాడు. మందు ఇద్దామన్నా పెద్దగా లేదు. యుద్ధం మొదలైన ఈ రెండేళ్ల నుంచి సీసాలు సగం ఖాళీగానే వస్తున్నాయి. ఈ ఉద్యోగంలో అతను ఎడ్లను చూశాడు, బర్రెలను చూశాడు, ఒకసారి పోలీసు అమీను గారి గుర్రాన్ని కూడా చూశాడు. కుక్క కోసం ముడిమ్యాల నుంచి నడిచి వచ్చిన మనిషిని చూడడం ఇదే మొదలు. అదీ కుక్కను వెంట తేకుండా.

వెనక ఎద్దుతో నిలబడ్డ యాదయ్య ఊరుకోలేదు. "కుక్కకు దవాఖాననా అవ్వా? రేపు పిల్లికి పెండ్లి గూడ చేస్తవా?"

"నీ ఎద్దు సంగతి నువ్వు చూస్కో," అంది ముసలమ్మ తల తిప్పకుండానే.

స్వామిదాసుకు నవ్వొచ్చింది. కానీ ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. రాత్రంతా నిద్రలేని మొహం అది.

"ఏమైతున్నదవ్వా?"

"పొద్దున లేవంగనే కక్కుతది. కడుపుల ఏమీ ఉండది. పచ్చటి నీళ్లు, నురుగు. కక్కి కక్కి మూలకు ఒదుగుతది."

"గడ్డి గిట్ల నములుతదా?"

"గోడ మన్ను నాకుతది."

"ఎన్ని దినాల సంది?"

"నెల దాటింది. ముందటివి రెండు దక్కలే సాబ్. ఇది గూడ పోతే నేను తట్టుకోలేను."

మొయినాబాదులో పనిచేసిన రోజుల్లో ఒక జాగీర్దారు వేటకుక్కలకు స్వామిదాసు ఇదే చూశాడు. అక్కడ నేర్చిన విద్య పదేళ్లుగా అక్కరకు రాలేదు. ఇప్పుడు అడిగే మనిషి దొరికేసరికి అతనికి హుషారొచ్చింది.

"తిండి ఎప్పుడు పెడ్తరు?"

"అందరు తిన్నంక."

"ఏం పెడ్తరు?"

"మిగిలింది."

"మిగలకపోతే?"

ముసలమ్మ నేల చూసింది.

"రోగం గక్కడనే ఉన్నదవ్వా. రాత్రంత కడుపు ఖాళీగ ఉంటే పైత్యం ఊరుతది. తెల్లారేసరికి అదే బయటికొస్తది. ఇయ్యాల్టి సంది పడుకునే ముందర చిన్న రొట్టె ముక్క పెట్టు. లేవంగనే, కక్కక ముందే, ఇంకో ముక్క. ఒక్కసారే కుక్కి పెట్టకు, ఐదు సార్లు కొంచెం కొంచెం పెట్టు. కారం, నూనె బంద్. గంజి తాపు. నెత్తురు పడినా, నీళ్లు గూడ ఇముడకపోయినా ఆగకు, వెంటనే చూపియ్యాలె."

సత్తమ్మ చీర కొంగుకు ఐదు ముడులు వేసుకుంది.

"నీకు యాది ఉండకపోతే కోడలికి చెప్పు, ఆమె పెడ్తది."

"దానికి చాతకాదు. నేనే పెడ్త," అని లేచి వెళ్లిపోయింది.

పదో రోజుకు మళ్లీ వచ్చింది. ఈసారి గడప దాటకముందే మాట దాటింది.

"నాలుగొద్దుల సంది కక్కలే సాబ్! గంజి ఇముడుతున్నది. కండ్లల్ల జర కళ వచ్చింది."

"మీ ముసలాయన ఏమంటుండు?"

"ఏమంటడు? 'నాకంటె ముందు దానికి పెడ్తవానే, కలికాలం' అని మొత్తుకుంటుండు. మొత్తుకోనీ. నోరు నొస్తే ఆయనే ఊకుంటడు."

స్వామిదాసు పడి పడి నవ్వాడు. "ఒకసారి మీ ఇంటికొచ్చి చూస్తనవ్వా."

"వద్దు సాబ్!" ముసలమ్మ ఉలిక్కిపడింది. "కొత్తోళ్లను చూస్తే బెదురుతది. నీ కాల్మొక్త, రాకు."

ఇంత ప్రేమ ఏమిటో అతనికి అర్థం కాలేదు. ఊళ్లో కుక్కను రాయి పెట్టి కొట్టేవాళ్లే గానీ వేళ తప్పకుండా పెట్టేవాళ్లను అతను చూడలేదు. ఆ ఆదివారం గుడిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు, తన పిల్లల పేర్లు చెప్పుకున్నాక, సత్తమ్మ కుక్కను కూడా తలచుకున్నాడు. పాస్టరు గారికి తెలిస్తే ఏమనేవారో గానీ, అతనికి మాత్రం మనసు తేలికయింది.

తర్వాత ముసలమ్మ రాలేదు. వానలు వచ్చాయి, పోయాయి. ముడిమ్యాల నుంచి ఎవరైనా పశువును తోలుకొస్తే అడగాలనుకునేవాడు. కుక్క పోయిందన్న మాట వినాల్సి వస్తుందేమోనని భయపడి ఊరుకునేవాడు.

జొన్న కోతలప్పుడు ఆ ఊరి పశువులకు సూదులు వేయడానికి అతనే వెళ్లాల్సి వచ్చింది. సైకిలు దిగీ దిగకముందే సత్తమ్మ ఉరికొచ్చి అతని చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టింది.

"నోరు తీపి చేస్కో సాబ్. అంత నీ పుణ్యమే!"

"బతికిందా అవ్వా?" అన్నాడు స్వామిదాసు. ఆర్నెల్లుగా మోస్తున్న బరువు దిగినట్టయింది.

"బతుకుడేంది, మొన్న బేస్తారం నాడు కన్నది!"

"కన్నదా? చూలుతోని ఉండెనా? గా మాట ముందుగాల నాకు చెప్పొద్దా?"

"చెప్తే దిష్టి తగులుతది సాబ్. రెండుమార్లు ఊరంత చెప్పుకున్న. రెండుమార్లు పోగొట్టుకున్న. గందుకే ఈసారి నోరు కట్టుకున్న."

సంతోషంలో నెలల లెక్క కూడా చూసుకోకుండా స్వామిదాసు నవ్వి బెల్లం నోట్లో వేసుకున్నాడు. "మంచిగైంది పో. ఇంతకూ ఎన్ని కన్నది?"

సత్తమ్మ అటూ ఇటూ చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, అతని చెవి దగ్గరకు వంగింది.

"ఒక్కడే సాబ్, నా మనుమడు."