శుక్రవారం బండి

"ఇంత మంచులో నడిచొచ్చావేంటమ్మా? బండేదీ?" తలుపు తీస్తూనే అడిగాడు వాల్టర్.

"రిపేరుకిచ్చాను నాన్నా," అంది రెనాటా, తండ్రి కళ్ళలోకి చూడకుండా.

"పోయిన ఆదివారం చర్చి వెనకాల ఎర్రటి బుల్లి జపాన్ కారు చూశాను. వెనక సీట్లో నీ పాప టోపీ. అదెవరిదో మరి!"

రెనాటా ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్ళు ఈ ఊరి ఫ్యాక్టరీలో కారింజన్లు బిగించిన మనిషి ఆయన. పరాయి దేశపు కారు కొన్నవాళ్ళను ఈ వీధిలో ఎవరూ పలకరించరు.

"తిట్టు నాన్నా. నువ్వు కొనిచ్చిన మీ ఫ్యాక్టరీ కారు, పాప లోపలుండగానే హైవే మీద రెండుసార్లు ఆగిపోయింది. ఇదైతే నమ్మకంగా నడుస్తుంది, పెట్రోలూ తక్కువే తాగుతుందన్నారు. నీకు చెప్పే ధైర్యం లేక చర్చి వెనక దాస్తున్నాను."

"పద, చూద్దాం," అంటూ వాల్టర్ కోటు తొడుక్కున్నాడు.

చర్చి వెనక బానెట్ ఎత్తి, చాలాసేపు ఇంజన్‌లోకి చూస్తూ నిలబడ్డాడు.

"శుక్రవారం ఆఖరి షిఫ్టులో అందరికీ ఇంటికెళ్ళే తొందరేనమ్మా. బోల్టులు సరిగ్గా బిగించేవాళ్ళం కాదు. నీకిచ్చింది అలాంటి శుక్రవారం బండే. తెలిసే తీసుకున్నాను, చవగ్గా వస్తోందని."

రెనాటా దగ్గరికొచ్చి ఆయన పక్కన నిలబడింది.

"బండి ఆగినప్పుడు పాప ఏడ్చిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఏడ్చింది నాన్నా."

ఆయన బానెట్ మెల్లగా మూసి, తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వు. మన వాకిట్లో పెడతాను. అందరూ చూడనీ."