మానిటర్ స్విచ్

"అయ్యో, మానిటర్ ఆన్ చెయ్యకుండా టైప్ చేస్తున్నారేంటండీ!"

తమ్ముడు ఆగలేకపోయాడు. చెయ్యి చాచి టక్కున స్విచ్ నొక్కేశాడు.

మూలన కూర్చున్న పెద్దాయన వేళ్లు ఆగాయి. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు.

"ఆన్ చేశారా? చాలా థాంక్సండీ!"

"ఫర్వాలేదు సార్. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది" అని ధైర్యం చెప్పాడు తమ్ముడు.

వాడికి లైనక్స్ అనే మాట పరిచయమై అప్పటికి ఇరవై నిమిషాలు!

ఆదివారం మధ్యాహ్నం. లైబ్రరీ హాల్లో లైనక్స్ క్లబ్బువాళ్ల ఉచిత మేళా. విండోస్ వదిలేసి వచ్చినవాళ్లకి అక్కడికక్కడే దాని బదులు కంప్యూటర్‌ని నడిపే లైనక్స్ ఎక్కించి పంపుతున్నారు.

తమ్ముడు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడు. మనిషి కళ్లు చూసి నంబరు చెప్పేస్తానని వాడి గొప్ప. చంకలో ఉన్న కంప్యూటర్ డబ్బా మాత్రం అక్కది.

అక్కకి చిన్నప్పుడే చూపు పోయింది. రికార్డింగులు విని టైప్ చేసే ఉద్యోగం. తెరమీద ఏముందో కంప్యూటరే పైకి చదివి చెబుతుంది. అయినా ఇంట్లో మానిటర్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. తమ్ముడు మ్యాచ్ చూడాలి కదా మరి!

ఇప్పుడు చిక్కేమిటంటే, పాత డబ్బాకి కొత్త విండోస్ పట్టదు. పాత విండోస్‌తో వస్తే ఆఫీసువాళ్లు రేపటి నుంచి లాగిన్ ఇవ్వరు. కిటికీ మూసుకుపోయింది. తలుపు వెతుక్కోవాలి.

వెతకబోతే తలుపులు వందున్నాయి, లైనక్స్‌లో అన్ని రకాలట!

"కళ్లు మూసుకుని ఉబుంటు వేయించండి" అన్నాడు గడ్డమాయన.

"మింట్ తీసుకోండి. అత్తారింట్లో అడుగుపెట్టినట్టు ఉండదు, పుట్టింటికొచ్చినట్టే ఉంటుంది" అంది పొడుగు జడమ్మాయి.

"ఫెడోరా!" అన్నాడు వెనకనుంచి ఇంకొకాయన.

"ఫెడోరా అంటే టోపీ కదండీ? నాకే పెడతారా?" అన్నాడు తమ్ముడు.

హాలంతా గొల్లుమంది. వాడికి హుషారెక్కిపోయింది. బట్టల కొట్లో షర్టులు తిరగేసినట్టు తెరలన్నీ తిరగేశాడు. ఒకదాంట్లో నీలి కొండలు. ఒకదాంట్లో కిటికీని పట్టి లాగితే జెల్లీలా ఊగుతోంది!

"ఎవరి కోసమండీ?" మూలనుంచి పెద్దాయన అడిగాడు.

"మా అక్క కోసం. తనకి చూపు లేదు."

"అయితే తెర సోకులు తర్వాత. ముందు మాట్లాడించి చూడండి. విండోస్ కీ, ఆల్ట్, ఎస్, మూడూ కలిపి నొక్కితే..."

"మీరు ముందు స్విచ్ నేర్చుకోండి సార్!"

పెద్దాయన పగలబడి నవ్వాడు. జేబు తడిమి ఒక పెన్‌డ్రైవ్ తీసి చాచాడు. చాచిన చెయ్యి తమ్ముడికి జానెడు పక్కగా వెళ్లింది. తమ్ముడే జరిగి అందుకున్నాడు.

"ఇంటిదగ్గర ఇబ్బందైతే ఇది పెట్టండి. నేను ఐదింటి రైలుకి మా ఊరెళ్లిపోతున్నాను."

"ఈ వయసులో నేర్చుకుంటున్నారు చూడండి, మెచ్చుకోవాలి సార్!" అని భుజం తట్టి మరీ వచ్చాడు తమ్ముడు.

జెల్లీ కిటికీలే వేయించుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నీ తగిలించేసరికి ఐదున్నర. అక్క హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది.

"ఏంరా, ఉలుకూ పలుకూ లేదు?"

"చూడక్కా, కిటికీలు ఎలా ఊగుతున్నాయో!" అనేసి నాలిక కరుచుకున్నాడు.

"అవి ఊగితే నా ఉద్యోగం ఊడుతుందిరా!"

పెద్దాయన చెప్పిన మూడు కీలలో వాడికి రెండే గుర్తున్నాయి. కీబోర్డంతా వాయించాడు. డబ్బా నోరు విప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది పెన్‌డ్రైవ్. పెట్టి, డబ్బా మళ్లీ ఆన్ చేశాడు. తెరమీద ఏమీ రాకముందే అక్క చెవిలో గొంతు పలికింది.

"నమస్కారం. ఏం చదవమంటారు?"

అక్క కుర్చీలో ఎగిరింది. "తెలుగురా! అచ్చం మనిషిలా మాట్లాడుతోంది!"

చకచకా ఆఫీసు పేజీ తెరిచింది. పాస్‌వర్డ్ కొట్టింది.

"లాగిన్ అయింది" అంది గొంతు.

అక్క చప్పట్లు కొట్టింది. తమ్ముడు ఈల వేశాడు. "బతికిపోయాం! ఎవరిచ్చార్రా ఇది?"

"ఒక ముసలాయన. పాపం, మానిటర్ ఆన్ చెయ్యడం కూడా రాదు. నేనే నేర్పాను!"

"ఉండు, దీన్ని ఎవరు చేశారో విందాం" అంటూ అక్క తమ్ముడికీ వినపడేలా హెడ్‌ఫోన్ వైరు పీకేసి, 'దీని గురించి' అన్న చోటికి వెళ్లి ఎంటర్ నొక్కింది.

తమ్ముడు మళ్లీ ఎత్తుకున్న ఈల సగంలో ఆగిపోయింది. ఆ గొంతు మధ్యాహ్నం తనకి థాంక్స్ చెప్పిన గొంతే. గడియారం చూశాడు. ఆరు దాటింది, ఐదింటి రైలు ఎప్పుడో వెళ్లిపోయుంటుంది.

కంప్యూటర్ నింపాదిగా చదువుతోంది: "ఈ గొంతు నాదే. కంప్యూటర్‌కి దీన్ని నేర్పడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది, ఎందుకంటే తెర ఎలా ఉంటుందో నేను పుట్టాక ఎన్నడూ చూడలేదు."