లేవడానికి పది నిమిషాలు

మొగుడి కంప్యూటర్ బాగుపడకూడదని దేవుడికి దండం పెట్టుకోవడం పాపమా, కాదా? ఆరేళ్లుగా ఆవిడకిదే సందేహం. ఇవాళ్టితో అది తేలిపోయేలా ఉంది. అల్లుడు చొక్కా చేతులు మడిచి దాని ముందు కూర్చున్నాడు.

"మామయ్య బజారు నుంచి వచ్చేలోగా దీని బద్ధకం వదిలిస్తానత్తయ్యా. స్విచ్ నొక్కితే తెర వెలగడానికి పది నిమిషాలా?"

"వయసు మీద పడింది బాబూ. దానికీ మోకాళ్ల నొప్పులని మీ మామయ్య అంటూంటారు."

ఆయన ఇంట్లోనే కంప్యూటర్ మీద పుస్తకాలకు పేజీలు కట్టే మనిషి. దాన్ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ కూడా తనే ఎక్కించుకున్నాడు, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఏదైనా చెప్పబోతే, "పనుంది, నీకో పది నిమిషాలు బాకీ" అంటూ లేచిపోయేవాడు. ఆ మాట పాతికేళ్లు నడిచింది. ఈ ఆరేళ్లుగా మాత్రం, కంప్యూటర్ లేచేదాకా వేరే దారిలేక, టీ గ్లాసు పట్టుకుని రోజూ ఆవిడ కబుర్లు వింటున్నాడు.

కంప్యూటర్‌తో పాటే నిద్రలేచి తెర వెనక పనిచేసే చిన్న ప్రోగ్రాముల, అంటే సర్వీసుల, జాబితా తెర మీదికొచ్చింది.

"ఇది ప్రింటర్ కోసం. ప్రింటరేదీ?"

"పోయి నాలుగేళ్లయింది."

"పోయినా సరే, పొద్దున్నే లేచి దానికోసం ఎదురుచూస్తోంది. ఆపేస్తున్నా."

"అయ్యో, అంత విశ్వాసమున్నదాన్నా! ఉండనివ్వండి."

"ఇది బ్లూటూత్. మనకి లేదుగా?"

"రేపు కొంటామేమో!"

"ఇది మోడెం కోసం వెతుకుతోంది."

"వెతకనివ్వండి బాబూ. ఏదో ఒకరోజు దొరక్కపోతుందా?"

అల్లుడు తల పట్టుకున్నాడు. "అత్తయ్యా, ఇవి సర్వీసులు. మీరు పెంచుకున్న కుక్కపిల్లలు కావు!"

ఒక్కొక్కటే ఆపేశాడు. ఆవిడ మనసులో దేవుణ్ణి పిలుస్తూనే ఉంది. మళ్లీ స్విచ్ నొక్కితే, మళ్లీ పది నిమిషాలే.

"ఉన్నావు తండ్రీ!" అనుకుంది.

అల్లుడు వదల్లేదు. ఏ సర్వీసు ఎంతసేపు తింటోందో లెక్క తీశాడు.

"దొరికాడు దొంగ! మిగతావన్నీ కలిపి అర నిమిషం, ఇదొక్కటే పది నిమిషాలు. పనంటూ ఏమీ చెయ్యదు, తెరను వెలగనివ్వకుండా ఊరికే అడ్డంగా కూర్చుంటుంది. కంప్యూటర్‌తో వచ్చింది కాదత్తయ్యా, ఆరేళ్ల కిందట ఎవరో చేత్తో రాసి పెట్టారు. తీసేస్తున్నా."

"ఆగండాగండి. ఏదీ, దాని పేరేమిటి?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగింది.

ఆ సర్వీసు పేరు 'బాకీ'.